గాల్లో ఆగిన చిరుత

మొన్న ఇబ్రహీంపట్నంలో షేర్ ఆటో ఎక్కి తుర్కయాంజాల్ పోతుంటే, పక్కన కూర్చున్న కాలేజీ పిల్ల ఫోనులో ఏదో బొమ్మల కథ చదువుతోంది. వేలితో పైకి జరుపుతూ జరుపుతూ, ఉన్నట్టుండి "అరె, గిక్కడనా ఆపేది" అని ఫోనును ఒళ్లో పడేసింది. నాకు నవ్వు ఆగలేదు. ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. పోయిన వానాకాలమంతా నేను అలాంటి కథలోనే చిరుత ముందు నిలబడి ఉన్నానని ఆమెకేం తెలుసు?

మా కోడలు మన్నెగూడలో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు డ్రాయింగ్ చెబుతుంది. వయసులో ఉన్నప్పుడు నేను గుట్టల్లో ఒంటరిగా చిరుతను ఎదిరించిన సంగతి ఒకనాడు చాయ్ తాగుతూ ఆమెకు చెప్పాను. ఏడడుగుల చిరుత. నా చేతిలో కండువా తప్ప మరేమీ లేదు. కళ్లలో కళ్లు పెట్టి చూస్తే అదే తోక ముడిచింది. కోడలు దాన్ని బొమ్మల కథగా గీసి, ప్రతి శుక్రవారం ఒక భాగం మా గల్లీ వాట్సాప్ గ్రూపులో పెట్టడం మొదలుపెట్టింది. రంగారెడ్డి జిల్లా మొత్తం ఆ బొమ్మల కోసం ఎదురుచూసింది. సరే, జిల్లా అనడం ఎక్కువే. మా గల్లీ, మహేశ్వరంలో మా వియ్యపురాలి ఇల్లు.

మొదటి శుక్రవారమే నేను అదిరిపడ్డాను. భాగమంతా నేను చెప్పులు తొడుక్కోవడమే! "గంతసేపు తొడుక్కున్నవా నిజంగ?" అని మా ఇంటావిడ ఎత్తిపొడిచింది. మరుసటి వారం పొదలో ఒక చెవి. చెవి ఒక్కటే. ఆ పై వారం నా మెడ మీద ఒక చెమట చుక్క మెల్లగా కిందికి దిగడం. చాయ్ చల్లారకముందే అయిపోయిన కథను ఇట్లా సాగదీస్తావేమమ్మా అని అడిగాను. "చిరుత దూకితే కథ అయిపోతది మామా. దూకకముందు ఉన్నదే కథ" అంది. నిజం చెప్పొద్దూ, ఆ చెమట చుక్క చూశాక నా మెడ నేనే తడుముకున్నాను. ఏం జరిగిందో తెలిసిన నాకే అంత దడ పుట్టింది. ఆ తర్వాత, నేను చెప్పకపోయినా, బొమ్మల్లో చిరుత దూకింది. అది గాల్లో ఉండగానే ఆ వారం భాగం ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే నా చిన్ననాటి దోస్తుకు గుండె ఆపరేషన్ చేయాలన్నారు. మా గల్లీలోనే ఉంటాడు, సాగర్ రోడ్డు మీద ఏళ్ల తరబడి లారీ నడిపిన మనిషి. ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పని డాక్టరు గట్టిగా చెబితే, ఇతడు మాత్రం బొమ్మల కథ అయినంకనే దవాఖానకు పోతానని మంచం మీద మొండికేసి కూర్చున్నాడు. అతని భార్య, మా భాభీ, మా ఇంటికొచ్చి కథ తొందరగా ముగించమని కోడలిని బతిమాలింది. కోడలు గీస్తున్న బొమ్మ మీంచి తల ఎత్తలేదు. ఇక లాభం లేదని, ముగింపు నేనే చెప్పేద్దామని బయలుదేరాను.

"చిరుత ఎనక్కి తిరిగి పోతదిరా, గంతే. రేపే దవాఖానకు పోదాం పా" అన్నాను.

దోస్తు నన్ను జాలిగా చూశాడు. "చిరుత యాడిదిరా? అది మా లేగదూడ. తప్పిపోతే ఇద్దరం ఎతకవోయినం. పొదల చప్పుడైతే నువ్వు నన్ను వట్టుకొని కండ్లు మూసుకున్నవ్."

ఇక మీ దగ్గర దాచేదేముంది, దూడే. నా నడుమంత ఎత్తు కూడా లేదు. చెప్పగా చెప్పగా దానికి మచ్చలు వేసిందీ నేనే, పక్కనున్న దోస్తును కథలోంచి తీసేసిందీ నేనే. ఎన్ని పెళ్లి పందిళ్లలో నేను ఆ కథ చెబుతుంటే పక్కనే కూర్చుని విన్నాడో, ఒక్కసారీ నా మాట కింద పడనీయలేదు. చిరుత లేదని తెలిసీ మరి దేనికోసం ఆగావురా అని అడిగాను.

"తెల్సు. గని శుక్రారం బొమ్మ చూస్తే, నిజంగనే మీద వడ్తదేమో అన్నట్టు గుండె మస్తు కొట్టుకుంటది" అన్నాడు. గోడ వైపు తిరిగి, "కోసి కుట్టినంక మళ్ల గిట్ల కొట్టుకుంటదో లేదో" అన్నాడు.

ఇంటికొచ్చి కోడలికి దూడతో సహా అంతా చెప్పేశాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది. ఆ శుక్రవారం బొమ్మల్లో చిరుత ఇంకా గాల్లోనే ఉంది. చివరి బొమ్మలో మాత్రం వెనక నుంచి ఎవరిదో చెయ్యి వచ్చి నా భుజం పట్టుకుంది. చెయ్యి ఒక్కటే. వేలికి ఆకుపచ్చ రాయి ఉన్న వెండి ఉంగరం.

నడవొద్దని డాక్టరు చెప్పిన మనిషి ఫోను పట్టుకుని మా గడపలోకి వచ్చాడు. "బేటీ, గీ చెయ్యి ఎవలిది?"

"ఆపరేషన్ అయినంక చూద్దురు చాచా" అంది కోడలు.

మీ ఇంట్ల అందరూ గింతేనా అని ఆమెను తిట్టుకుంటూ తన ఉంగరం వంక చూసుకున్నాడు. నా వైపు తిరిగి, "రేపటికి బండి మాట్లాడు" అన్నాడు.

ఆపరేషన్ థియేటర్ బయట భాభీ పక్కన కుర్చీలో కూర్చున్నాను. లోపల ఏమవుతోందో చెప్పేవాళ్లు లేరు. కోడలినైతే సాగదీస్తావేమని అడగగలిగాను, ఇక్కడ ఎవరిని తొందరపెట్టను? తలుపు తెరుచుకుని నర్సు నవ్వినప్పుడు కండువాతో మొహం తుడుచుకున్నాను. మాట్లాడనిచ్చిన రోజున దోస్తు ముందడిగింది భాభీని కాదు, ఆ ఫోనునే. కొత్త బొమ్మ నిండా అతడే ఉన్నాడు, వయసులో ఉన్నప్పటి మీసాలతో. చాలాసేపు చూసి ఫోనును ఛాతీ మీద పెట్టుకున్నాడు.

డెబ్బై ఏళ్ల బతుకును నేను గబగబా చెప్పుకుంటూ వచ్చాను, అందులో ఏ ఏడు ఎప్పుడు గడిచిందో గుర్తే లేదు. ఆ తలుపు ముందు కూర్చున్న పూట మాత్రం నాకింకా గడుస్తూనే ఉంది.