కణాలకు బంద్ లేదు

కలకత్తాలో బంద్ అంటే పండగకి తక్కువ, ఆదివారానికి ఎక్కువ. ముందురోజు సాయంత్రం చేపల బజారులో తొక్కిసలాట చూస్తే ఊరు నెలరోజులు మూతపడుతుందేమో అనిపిస్తుంది. నేను పనిచేసే లాబ్‌లోనూ అంతే. జనరేటర్‌కి డీజిల్ తెచ్చాం, అక్కడే ఉండిపోయేవాళ్ళకి గుడ్లు, బియ్యం, పప్పు తెచ్చాం, పేకముక్కలు కూడా మర్చిపోలేదు. గ్యాస్ సిలిండర్ మాత్రం ఒక్కడికీ గుర్తు రాలేదు. వంటకి కాదు ఆ గ్యాస్, కణాలకి.

ఆ కణాలు మా దీదీవి. ఆవిడది గుంటూరు జిల్లా అయినా లాబ్‌లో అందరికీ దీదీయే. ఏడో తరగతితో బడికి దండం పెట్టేసిన నాకు ఆవిడ తన పని ఇలా చెప్పింది: రక్తంలో కాపలా కణాలుంటాయి. జ్వరం వస్తే పోట్లాడతాయి గానీ కాన్సర్ గడ్డని ఇంటిమనిషే అనుకుని వదిలేస్తాయి. వాటిని బయటికి తీసి, గడ్డని గుర్తుపట్టే గుణం ఒకటి లోపల కలిపి, పెంచి, మళ్ళీ ఒంట్లోకి పంపాలి.

"అంటే ఓడల డాకు గేటుకాడ దర్వానుకి దొంగోడి ఫొటో ఇచ్చినట్టా దీదీ?"

"అంతే. ఆ ఫొటో తీయడానికే నాకు జుట్టు నెరిసింది."

పని ఇంకా మనుషుల దాకా రాలేదు, ఎలుకల దగ్గరే ఉంది. గడ్డలున్న ఎలుకలకి ఆ వారం ఎక్కించాల్సిన కణాలు, లాబ్‌లో మావాళ్ళిచ్చిన రక్తంలోంచి తీసినవి, వెచ్చటి పెట్టెలో పెరుగుతున్నాయి. ఎన్నోసార్లు పాడయ్యాక సరిగా వచ్చిన ఒకే ఒక్క విడత అది. ఆ పెట్టెలోకి సోడాలో పట్టే గ్యాసే సన్నగా వెళ్తూ ఉండాలి. ఆగిందా, కణాలున్న ఎర్రటి ద్రవం గులాబీ రంగుకి తిరుగుతుంది, తర్వాత ఊదాకి. ఊదా అంటే ఇక కథ కంచికే.

బంద్ నాడు పొద్దున్న సిలిండర్ ముల్లు సున్నా మీద పడుకుని ఉంది. దీదీ పెట్టెలోకి చూసి, "గులాబీ మొదలైంది" అంది. గొంతులో కోపం కూడా లేదు. నాకు భయం వేసింది అందుకే.

"డీలరు గోడౌను మీదే కాపురం ఉంటాడు దీదీ. మీ సంతకం లేందే బండ ఇవ్వడు. రండి, వ్యాన్ రిక్షా నాను తొక్కుతాను."

వెళ్ళడం బాగానే వెళ్ళాం. కొత్త సిలిండర్‌ని ఎక్కించుకుని, దీదీ దాన్ని చంటిపిల్లలా పట్టుకుని కూర్చోగా తిరిగొస్తుంటే, చౌరస్తాలో బంద్ కాసేవాళ్ళు నడిరోడ్డు మీద క్రికెట్ ఆడుతున్నారు. వాళ్ళ పెద్ద, లుంగీ కట్టుకున్న కళ్ళద్దాలాయన, చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏయ్! ఇవాళ బండ్లు తిరగవని తెలీదా?"

"ఆక్సిజన్ దాదా! పేషెంటుకి!" అనేశాను బెంగాలీలో.

పేషెంటు అంటే ఏ బంద్ అయినా దారిస్తుంది. ఆయన దారితో సరిపెట్టుకోలేదు. "అయ్యయ్యో! ఒరేయ్, బ్యాట్లు పారేయండి, తోయండి!" అన్నాడు. ఐదారుగురు వెనకనుంచి పట్టుకుని పెద్దాసుపత్రి వైపు పరుగు తీయించారు. మా లాబ్ ఉన్నది దానికి సరిగ్గా ఎదురుదిక్కున. కలకత్తా వాళ్ళ మంచితనానికి బ్రేకులుండవు. నా వ్యాన్‌కీ లేవు.

"ఆపండి," అంది దీదీ. వ్యాన్ ఆగింది. "పేషెంట్ ఎవరూ లేరు. లాబ్‌లో కాన్సర్ వైద్యం కోసం కణాలు పెంచుతున్నాం. ఈ గ్యాస్ అందకపోతే చచ్చిపోతాయి."

కళ్ళద్దాలాయన రొప్పుతూ నడుం మీద చేతులు వేసుకున్నాడు. "అంటే బంద్ రోజున వాటిచేత పని చేయిస్తున్నారన్నమాట!"

"ఏం చేస్తాం దాదా, వాటికింకా యూనియన్ లేదు," అన్నాను.

తోసినవాళ్ళంతా నవ్వారు. ఆయన నవ్వలేదు. "మా అక్కకి రొమ్ములో వచ్చింది. ఇది దానికి పనికొస్తుందా?"

"ఇంకా ఎలుకలకే," అంది దీదీ, తల దించుకుని.

"ఎలుకల తర్వాత మా అక్కని లైన్లో పెట్టండి," అని ఆయనే హ్యాండిల్ పట్టుకుని బండిని వెనక్కి తిప్పాడు.

కణాలు బతికాయి. ఎలుకలకి ఎక్కించారు. గడ్డలు కరుగుతుంటే ఎవరో సందేశ్ తెచ్చి అందరి నోళ్ళూ తీపి చేశారు. కొన్ని వారాలకి అవే గడ్డలు మళ్ళీ పెరిగాయి. దీదీ ఒక్కో ఎలుకనీ చేతిలోకి తీసుకుని తడిమి, మళ్ళీ పెట్టెలో వదులుతోంది.

"సచ్చిపోనాయేటి దీదీ, మన కణాలు?"

"లేదయ్యా. గడ్డలోనే ఉన్నాయి, బతికే ఉన్నాయి. చంపడం మానేశాయి. అలిసిపోతాయవి."

నాతో వేళాకోళమాడుతోందనుకుని నవ్వబోయాను. నిజమేనట. శత్రువు ఎంతకీ తరగకపోతే పోట్లాడి పోట్లాడి, దాని పక్కనే చతికిలబడతాయట.

"మరేటి సేత్తారు? అలవకుండా సేత్తారా?"

"అసలు అలవకుండా ఎవరు చేయగలరు? ఇంకాస్త ఆలస్యంగా అలిసేలా చేస్తే చాలు."

ఆ మధ్యాహ్నం నేను ఎలుకల పెట్టెలు కడుగుతుంటే, ఆవిడ కొత్త విడతకి రక్తం ఎవరిస్తారని లాబంతా అడుగుతూ తిరిగింది.