డాక్టరు పేరు పెట్టని జ్వరం

మాకు మెడికల్ కోడింగు నేర్పిన మేడం పోయారని గుడియాత్తం బస్సులో ఉండగా ఫోను వచ్చింది. రక్తంలో ఇన్ఫెక్షనట. ఏడుపుకంటే ముందు నాకు అనుమానం వచ్చింది. ఆవిడ శిష్యురాలిని మరి!

వేలూరులో ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లం ఎవరి మాటా ఊరికే నమ్మం. ఆస్పత్రి కాగితాలు చదివి, ప్రతి జబ్బుకూ దాని కోడు వేయడం మా పని. రక్తపరీక్షలో బాక్టీరియా కనపడగానే ఒకసారి నేను సెప్సిస్ అని, అంటే ఇన్ఫెక్షను రక్తానికి పాకి ఒళ్లంతా దెబ్బతీసే జబ్బని, కోడు వేసేశాను. మేడం కళ్లజోడు పైనుంచి చూశారు.

"అది చర్మం మీది క్రిమేమో, సూదితో వచ్చిందేమో, నీకెట్ల తెలుసు? డాక్టరు రాసినాడా? లేదా, అడుగు పో. ఆయన చెప్పకుండా జబ్బుకు నువ్వు పేరు పెట్టగూడదు."

డాక్టరు 'యూరోసెప్సిస్' అని రాసినా ఒప్పుకునేవారు కాదు. "ఇన్ఫెక్షను మూత్రంలోనే ఉండాదా, రక్తం దాకా పోయిందా? మళ్లీ అడుగు" అనేవారు. బస్సు మీద విరించిపురం అని రాసున్నా కండక్టరును అడిగాకే ఎక్కేవారు. మేము నవ్వుకునేవాళ్లం గానీ, ఇన్నేళ్లుగా నాకు కూడు పెడుతున్నది ఆ అనుమానమే.

మేడం ఇంటికి వెళ్లేసరికి ఒకటే గుసగుసలు. "కాలి పుండు ముదిరేదాకా కోడలు పట్టించుకోలేదంట" అని మేడం ఆడపడుచు నా చెవిలో ఊదింది. కోడలు గోడవారగా ఒక్కతే కూర్చుని ఉంది. దాచడమెందుకు, నాకూ ఆ పిల్ల మీదే అనుమానం. దగ్గరికి వెళ్లి అడిగేశాను.

"ఆస్పత్రికి ఎందుకమ్మా ఇంత లేటుగా పోయినారు?"

"అత్తను ముందే బతిమాలినా అక్కా. ఒళ్లంతా వణుకు. రక్తానికి పాకినట్లుండాది, ఆటో పిలుస్తా అంటే, డాక్టరు చెప్పకుండా పేరు పెట్టేదానికి నువ్వెవరని కసిరింది. ఉత్త జ్వరమే అనింది. నేనేం చేసేది?"

అచ్చం మేడం మాటే. ఇది ఎవరూ కల్పించగలిగే మాట కాదు. అయ్యో మేడం, అది కోడు వేసేవాళ్లకు చెప్పిన మాట గదా! జ్వరంతో వణికే మనిషికి ఎందుకు?

ఆడపడుచు వైపు తిరిగాను. "పెద్దమ్మా, ఈ పిల్ల పట్టించుకోలేదని చెప్తిరే, మీరు చూసినారా?"

"నేను యాడ చూసినా? అందరూ అంటా ఉంటే..."

"ఆటో పిలుస్తానంటే మేడమే వద్దనింది. మేడం మాట ఎట్లుంటాదో నాకు తెలుసు. ఈ పిల్లను ఇంకెవరూ ఏమీ అనొద్దండి."

అప్పటిదాకా బిగబట్టుకుని కూర్చున్న కోడలు భోరుమంది. ఎవరూ కదల్లేదు. కాసేపటికి ఆ పెద్దమ్మే మెల్లగా లేచి వెళ్లి, ఆ పిల్ల వెనక కూర్చుని, విడిపోయిన జుట్టును దగ్గరికి తీసి ముడి వేసింది.