చొక్కా కాలరు లోపలి గుర్తు

ఎనభై ఎనిమిదిలో గుంటూరులో డీబేస్ అనే కంప్యూటర్ ప్రోగ్రాంలో పై తరగతి శిక్షణకు వెళ్లాను. "టెన్త్ తప్పినవాడివి, రెండు ఫైళ్లు కలపడం నీకేం వస్తుంది? రేపటికి కలపకపోతే ఇక రావద్దు," అన్నాడు నేర్పే ఆయన. డిగ్రీ ఉంటేనే బుర్ర ఉన్నట్టా? తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సాయంత్రం మాచర్ల రైల్లో కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. ఒక ఫైల్లో మిల్లు కూలీల పేర్లు, రెండో దాంట్లో వాళ్ల హాజరు. పేరును బట్టి కలిపితే ఒకరి హాజరు ఇంకొకరికి పడుతోంది. సత్తెనపల్లిలో ఉతికిన బట్టల మూటతో ఎక్కిన పెద్దమ్మ నన్నే చూస్తోంది.

"ఏందయ్యా, అంత దిగులు?"

"వెంకటేశ్వర్లు నలుగురున్నారు పెద్దమ్మా. ఎవరు ఎవరో తేలట్లా."

"నలుగురికేనా? మా ఊళ్లో పదకొండుమంది! పేరు చూసి బట్టలిస్తే నన్ను ఊళ్లో ఉండనిస్తారా?"

మూటలోంచి చొక్కా తీసి, కాలరు తిప్పి, ఉతికినా పోకుండా నల్లజీడి రసంతో పెట్టిన మూడు చుక్కలు చూపించింది.

"ఇంటికో గుర్తు. ఒకళ్లది ఇంకొకళ్లకి పెట్టం."

మాచర్ల వచ్చేలోగా, కాగితాల్లో ఉన్న తండ్రి పేర్లు చూసుకుంటూ ప్రతి కూలీకీ ఒక నంబరు వేశాను. రెండు ఫైళ్లలోనూ అదే నంబరు. మర్నాడు ఫైళ్లు కలిశాయి. నేర్పే ఆయన తెర మీద హాజరు సరిచూసుకుని, "కూర్చో," అన్నాడు.

ఆ నంబరు గడికి పుస్తకంలో ఏదో ఇంగ్లీషు పేరుంది. తర్వాత నా దగ్గర నేర్చుకున్న వాళ్లందరికీ నేను దాన్ని జీడిగుర్తు అనే చెప్పాను.