పుల్లయ్య పెట్టని సంతకం

చిన్నపుల్లయ్యది రాయచోటి పక్క పల్లె. కువైట్ ఎయిర్‌పోర్టులో రన్‌వే ఊడ్చే బండి నడపబట్టి పదకొండేళ్లు. మనిషి బక్కపలచన, మాట కటువు. అక్కడే అబూ హలీఫా అనే పేటలో ఐదుగురితో కలిసి ఒకే గదిలో ఉంటాడు.

మార్చిలో ఒకరోజు పొద్దున, పైకి లేవబోతున్న విమానం పరుగు మధ్యలో ఎడమకి లాగేసి, రన్‌వే దాటి ఇసుకలో దిగబడింది. ఎడమ పక్క టైర్లు పేలిపోయాయి. ప్రయాణికులందరూ బతికి బయటపడ్డారు. రన్‌వే మీద మాత్రం వేలెడంత బోల్టు ఒకటి దొరికింది.

సాయంత్రానికల్లా సూపర్‌వైజర్ అబ్బులు కాగితం పట్టుకొచ్చాడు. ఆయనది అమలాపురం.

“ఆ బోల్టు నీ బండిదేనంట పుల్లయ్యా, అది తొక్కే టైర్లు పేలాయంట. పొరపాటైందని ఓ సంతకం పడెయ్. మిగతాది కంపెనీ చూసుకుంటాది.”

“నా బండిదని ఎవురు చూసినారు సార్?”

“పెద్దోళ్లతో మనకెందుకయ్యా? ఇఖామా కేన్సిల్ చేసి దేశం నుంచి పంపేత్తే ఏం చేత్తావ్?”

“చేసుకోమను. చేయని తప్పు నెత్తినేసుకోని ఊరికి పోను.”

మర్నాటి నుంచి అతన్ని బండి ఎక్కనివ్వలేదు.

మూడోనాడు దర్యాప్తు అధికారి పిలిచాడు. తర్జుమాకని అబ్బులు పక్కన కూర్చున్నాడు. పుల్లయ్య ఆయన వైపు చూడనే లేదు. తనకొచ్చిన అరబ్బీలోనే మొదలుపెట్టాడు.

“ఆపొద్దు అందరితోపాటు నేనూ పరిగెత్తినా సార్. టైరు ఈడ్చుకుపోయిన నల్లచార చూసినా. బోల్టు దొరికిన చోటుకు రెండొందల అడుగుల ముందే మొదలైంది. బోల్టు తొక్కకముందే చక్రం ఎట్ల పట్టేసింది? రండి, చూపిస్తా.”

“కూర్చో! వాళ్లకి తెలీదా?” అబ్బులు చెయ్యి పట్టి లాగాడు. పుల్లయ్య విదిలించుకున్నాడు.

అధికారి లేచాడు. ఇద్దరూ ఎండలో ఆ చార వెంట నడిచారు, టేపు పెట్టి కొలిచారు. టేపు ఒక కొస పుల్లయ్యే పట్టుకున్నాడు.

నెలన్నరకు నిజం తేలింది. ఎడమ పక్క బ్రేకు వదలకుండా పట్టేసి, టైర్లు కాలి పేలాయి. బోల్టు కూడా ఆ విమానం చక్రం నుంచి ఊడిందే.

కంపెనీ తప్పైందని ఒక్క మాట అనలేదు. పైగా పుల్లయ్యను కార్ల పార్కింగుకు మార్చింది. అతను పోలేదు. రోజూ డ్యూటీ వేళకు యూనిఫాం వేసుకొచ్చి ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు.

“మొండికేత్తే ఏమొత్తాదయ్యా?” అన్నాడు అబ్బులు.

“ఇప్పుడు పార్కింగుకు పోతే తప్పు నాదేనని నలుగురూ అనుకోరా? నా బండి నాకియ్యండి. ల్యాకుంటే ఎందుకు తీసినారో కాగితం మీద రాసియ్యండి.”

రాయడానికి వాళ్లకు కారణం దొరకలేదు. ఐదోరోజు మేనేజరు బండి తాళం బల్ల మీదకు తోసి, మొహం చూడకుండా “యల్లా, పో” అన్నాడు. పుల్లయ్య తాళం తీసుకుని, ఆ మధ్యాహ్నమే రన్‌వే మీదకు పోయాడు.