కోత పండుగలో వేలానికి పోయిన గొర్రెపిల్ల

సహోదరులారా, సహోదరీలారా, మీకు ఫెలోషిప్ అంటే ఆదివారం సహవాసం, గొర్రెల మేత మీద పరిశోధన చేసే నాలాంటిదానికి మాత్రం ఫెలోషిప్ అంటే మెస్ బిల్లు, బస్ చార్జీ, గొర్రెలకు దాణా! పోయిన ఏడు అది మధ్యలో ఆగిపోయింది. అద్దె కొట్టం వదిలేసి, మేత పరీక్షలో ఉన్న గొర్రెపిల్లలను పుంగనూరులో మా అమ్మ దగ్గరికి తోలుకొచ్చినాను. ఫెలోషిప్ కమిటీవాళ్లు వచ్చి వాటిని చూస్తారు, అన్నీ ఉంటే ఫెలోషిప్ మళ్లీ ఇస్తారు, ఒక్కటి తగ్గినా నా చదువు ఆగినట్టే. పరిశోధన అని పేరే గానీ అందులో ముప్పాతిక శోధనే!

వాళ్లు రావాల్సిన వారమే మా సంఘంలో కోత పండుగ. నేను మదనపల్లెలో కాగితాల పని మీద ఉండగా, మా అమ్మ నా ఫెలోషిప్ కోసమే ప్రార్థన చేసి, కొట్టంలోకి పోయి, అన్నిటికన్నా పుష్టిగా ఉన్న పిల్లను ఎత్తుకోని పోయి కానుకల బల్ల ముందర కట్టేసింది! ఆరాధన కాగానే గుమ్మడికాయలు, కోళ్లతో పాటు దాన్నీ వేలం వేసినారు. నేనొచ్చి తల పట్టుకుంటే, "యాల ఏడుస్తావు? మంచిది మనం పెట్టుకోని కుంటిది దేవునికిస్తామా?" అనింది. ఎవరు పాడుకున్నారో కనుక్కునేదానికి పాస్టరుగారి ఇంటికి పరుగెత్తినాను.

వేలంలో పాడుకున్నది పాస్టరుగారి స్నేహితుడు ఎల్లప్ప, కుప్పంలో అంగడి పెట్టుకున్న హిందూ అన్న, మనవరాలి పుట్టువెంట్రుకల విందుకని తీసుకుపోయినాడంట. వెంటనే బస్సెక్కినాను. తప్పిపోయిన గొర్రె వాక్యం చిన్నప్పటి నుంచి విన్నాను గానీ, వెదకబోయే కాపరికి సీటు కూడా దొరకదని ఆ పొద్దే తెలిసింది. నిలబడే ప్రార్థన చేసినాను: "ప్రభువా, ఆ పిల్ల నీకిచ్చిందే, నాదని కొట్లాడను. అది కూర కాకముందే నన్ను చేర్చు. చేర్చకపోతే, మా అమ్మ మీద నాకు కోపం రాకుండా చూడు."

పోయేసరికి ఎల్లప్ప ఇంటి ముందర షామియానా విప్పుతాండారు, తిన్న ఆకులు కుప్పగా పడి ఉండాయి. ఇంక పిల్ల కూరైపోయిందనుకున్నాను. అప్పుడు పెరట్లోంచి వినపడింది సహోదరులారా, ఏ క్వయిరూ పాడలేనంత తియ్యటి అరుపు!

ఎల్లప్ప భార్య రామక్క అరటితొక్కలు పెడతా కూర్చోనుండాది. "చెవికి పచ్చబిళ్ళ సూసి మీ దేవునికి మొక్కిన పిల్ల అనుకున్నామ్మా. ఒకరి మొక్కు మనం తింటే ఆయప్ప ఊరుకుంటాడా? కోళ్లతో సరిపెట్టినాము, తోలుకోని పో" అనింది. ఆ బిళ్ళ పరీక్ష గుర్తు కోసం నేను వేసిన నంబరు బిళ్ళ! నంబరు వేసింది నేను, కాపాడింది ఆయన!

కమిటీ ముందర అరటితొక్కలతో సహా ఏదీ దాచకుండా చెప్పేసినాను. వాళ్లలో పెద్దాయన చాలాసేపు నవ్వి, ఆ పిల్ల బయట మేసిన రోజుల బరువు లెక్కలు వదిలేసి మిగతావి కొనసాగించమన్నాడు. ఫెలోషిప్ వచ్చింది, ఆగినదంతా కలిపి వచ్చింది, దేవునికే మహిమ!

ఇప్పుడు పరీక్ష ముగిసింది, మళ్లీ కోత పండుగ వస్తాండాది. ఆ పిల్లను ఈసారి నా చేత్తో నేనే తోలుకొస్తాను, ఎల్లప్ప అన్న, రామక్క కూడా వస్తామన్నారు. ప్రియులారా, మీది ఏది చేజారిపోయినా ఆయన చేతిలో పడిందని నమ్మండి. మన చెవులకు ఏ బిళ్ళా లేకపోయినా, ఆ కాపరికి మనం గుర్తే.