ఇరవై అడుగుల లోతున

జలాశయాల బొమ్మలున్న పాత పోస్టుకార్డులు సేకరిస్తాను. బొమ్మలోని గేట్లను బట్టి నీటి లోతు లెక్కగట్టడం నాకు సరదా. ఒక మధ్యాహ్నం రాజాం వెళ్లే బస్సులో అలాంటి కార్డొకటి చూసుకుంటుంటే, పక్కనున్న ముసలమ్మ ఆ నీటి మధ్యలో వేలు పెట్టింది.

"మా ఇల్లిక్కడే బాబూ. దానిమీద నీలెంతుంటాది?"

రెండుసార్లు లెక్కవేసి, "ఇరవై అడుగులుంటుందమ్మా" అన్నాను.

"అయితే పిలిస్తే ఇనిపిస్తాది. ఊరొదిలినప్పుడు సచ్చిపోయినోల్లని పేరెట్టి పిల్సి, కూడా తీసుకెల్లాల. నా పిల్లని పెరట్లోనే పాతిపెట్టినాం. లారీ ఎక్కే తొందర్లో పిలవడం మర్సిపోనాను."

బస్సు ఆ జలాశయం గట్టు మీదికెక్కింది. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి, "ఒసే సిన్నీ, రాయే, ఇంటికెలిపోదాం!" అని కేకేసింది. కాసేపు చెవి ఒగ్గి, తర్వాత కిటికీ వైపు ఒదిగి కూర్చుని, నన్నూ జరగమంది. జరిగాను.

"కండట్రు బాబూ, అర టిక్కెట్టొకటి కొట్టు."

అతను మా ఇద్దరి మధ్యకి వంగి చూశాడు. "ఈ పిల్లకి అయిదేల్లు నిండనేదు కదమ్మా. టిక్కెట్టక్కర్నేదు" అని ముందుకెళ్లిపోయాడు.

నేను సీటు అంచుకి ఇంకొంచెం జరిగాను.