కరెంటు పోయొచ్చాక మారిన నంబరు

పదిహేనేళ్లుగా ఒక వాక్యం నన్ను తొలుస్తోంది. అది రాఘవయ్య సార్ పుస్తకం ముందుమాటలో ఉంది. కోయ మాటల మొదటి సేకరణ టైపిస్టు అజాగ్రత్త వల్ల పోయిందని రాశారు. అది నిజం కాదు. సార్ తెలియక రాశారు, తెలిసిన నేను ఊరుకున్నాను. సార్ ఇప్పుడు లేరు, పుస్తకం ఉంది. అందుకే ఈ కాగితం రాసి, లైబ్రరీ ప్రతిలో ఆ పేజీ పక్కనే పెడుతున్నాను. చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నాకు ధైర్యం.

ములకలపల్లిలో సార్ ఇంటికి అప్పుడే బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. రిటైరయ్యాక ఊరూరా తిరిగి ఆయన రాసుకొచ్చిన మాటల్ని ఊళ్లోని కోయపిల్ల జోగమ్మ టైపు చేసేది. వాటిలో సగం ఆమె అవ్వ చెప్పినవే. వైద్యానికి వారంలో మూడు రోజులు ఖమ్మంలో ఉండే సార్‌కు, టైపైనది అక్కడి నుంచే చూసుకోవాలని కోరిక. ఆ పని నాకప్పగించారు. నేను చదివింది ఇంటరే, కానీ లైబ్రరీలో నెట్‌వర్కింగ్ పుస్తకం రెండుసార్లు చదివినవాణ్ని. అది ఊళ్లో అందరికీ చెప్పుకున్నవాణ్ని.

మోడెంలో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టాను. బయటి నుంచి వచ్చే పిలుపును ఇంట్లో ఫలానా నంబరున్న కంప్యూటర్‌కు పంపమని చెప్పడమే అది. కరెంటు పోయి వచ్చేదాకా పనిచేసేది, తర్వాత ఆగిపోయేది. మూడు రోజులు, బయటి చొరబాట్లను ఆపే ఫైర్‌వాల్ నియమాలన్నీ తిరగేశాను.

"అన్నా, పొద్దుగాల కంప్యూటర్ నంబరు చివర రెండుండె. కరెంటు పోయొచ్చినంక మూడైంది. సూస్తివా?" అంది జోగమ్మ.

"పుస్తకంలో గట్ల లేదు. నువ్వు టైపు చేసుకో."

"అవ్, పుస్తకంలకు కరెంటు పోదు గద!" అని నవ్వింది.

ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. ఆమె చెప్పింది ఒక్కసారి చూస్తే ఏం పోయేది? చూడలేదు. మోడెం అడ్డు తీసేసి, కంప్యూటర్‌ను నేరుగా నెట్‌కు కలిపి, దాని ఫైర్‌వాల్ కూడా ఆపేశాను. ఖమ్మంలో సార్‌కు తెర కనిపించింది. శభాష్ అన్నారు. రేపు మళ్లీ ఫైర్‌వాల్ పెడదామనుకున్నవాణ్ని, పెడితే ఆ శభాష్ పోతుందేమోనని పెట్టలేదు.

ఎనిమిదో రోజుకు వైరస్ నిండింది. ఫైళ్లేవీ తెరుచుకోలేదు. నాకు తెలిసిన ఒకే మందు, అంతా చెరిపేసే ఫార్మాట్, అదే చేశాను. టైపైన కాగితాల్ని ఎప్పటికప్పుడు పారేశాం, రెండేళ్ల పనిలో మిగిలింది 'చ' అక్షరం దాకా తీసిన ప్రింటు.

ఎట్లయిందయ్యా అన్నారు సార్. ఎవరో బయటి సీడీ పెట్టినట్టుంది అన్నాను. ఎవరో! నేను కాక ఆ కంప్యూటర్ ముట్టేది ఒక్క మనిషే. గడప దగ్గర నిలబడి జోగమ్మ విన్నది. నా వైపు చూసింది. నంబరు సంగతి చెబుతుందేమోననుకున్నాను. చెప్పలేదు. వారం తిరక్కుండా మిర్చి కోతకు కూలికి పోయింది. సార్ మళ్లీ ఊళ్లు తిరిగేనాటికి అవ్వ లేదు. ఆమె చెప్పిన మాటలు చాలా ఈ పుస్తకంలో లేవు.

'నాకు తెలియదు' అనడానికి నాకు నోరెందుకు రాలేదు?

తర్వాత ఆ నెట్‌వర్కింగ్ పుస్తకం మూడోసారి తీశాను. కంప్యూటర్‌కు మారని నంబరు ఇవ్వాలని అందులోనే ఉంది. నేను రెండుసార్లు దాటేసిన పేజీ.

ముందుమాటలో కృతజ్ఞతల దగ్గర నా పేరుంది, జోగమ్మది లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. గడువు దాటినా పుస్తకం ఉంచుకోనిచ్చిన లైబ్రేరియన్ యాకూబ్ గారికి, ఎండలో స్తంభమెక్కి లైను సరిచేసిన వెంకన్నకు, మాటలిచ్చిన లచ్చమ్మ అవ్వకు కృతజ్ఞతలు.

నంబరు మారుతోందని మొదట చూసిన జోగమ్మకు కృతజ్ఞతలు.